మన పెద్దలు వామిదొడ్లు ఊరి బయట ఎందుకు పెట్టినారు?

ఇది కొంచెం పొడుగు పోస్టు. పొద్దుగూకినాక, పశువులకు మేతేసి, తీరిగ్గా చదవండి.

మొన్న కొండకు అగ్గి పడింది గదా. రాత్రి ఎనిమిదప్పుడు మిద్దెక్కి చూస్తే గుండ్ల మధ్యన ఎర్రగా ఒక గీత పాకుతా ఉంది. కింద పిల్లోళ్లు ఫోన్లు పట్టుకోని వీడియోలు తీస్తాండారు. వాళ్లలో ఒకడు నన్నడిగినాడు. "గుండ్లు కాలతాయా పెదనాయనా? కాలేది గడ్డే గదా. కాలనీలే, మనకేమి?" అని.

వాని తప్పేమీ లేదు. వాడు పుట్టినప్పటినుంచి చూసిన కోసిగి వేరు. సిమెంటు ఇండ్లు, ట్యాంకులో నీళ్లు, చేతిలో ఫోను. నాకు మాత్రం ఆ ఎర్రగీత చూస్తే ఒళ్లు జల్లుమంటాది. ఎందుకో ఈ పోస్టులో చెప్తా. అయితే ముందు కొంచెం చరిత్ర చెప్పి తర్వాత నా కథకు వస్తా, ఎందుకంటే చరిత్ర తెలియకనే నేను ఆ పని చేసినా.

మన ఇండ్లతో మొదలుపెడదాం. కోస్తా జిల్లాల్లో వెనకట తాటాకు ఇండ్లు, పూరిండ్లు ఎక్కువ. ఎండాకాలం ఒక ఇంటికి అంటుకుంటే గాలివాటున వాడంతా పోయేది. మన సీమలో, ముఖ్యంగా మన ఆదోని, ఆలూరు దిక్కు, ఊరంతా మట్టిమిద్దెలు. రాతిగోడలు, దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిమీద కట్టెపుల్ల, దానిమీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. వానాకాలం ముందు బండ్లమీద చౌడు తోలి మిద్దెమీద పరిచేది మనలో యాభై దాటిన వాళ్లందరికీ తెలుసు. చౌడు నీళ్లను దిగనీయదని చెప్తారు, నిజమే. ఇంకో సంగతి, అది అగ్గిని కూడా దిగనీయదు. పైన రవ్వ పడితే చౌడుమీద ఆరిపోతాది. లోపల దూలాలున్నా బయటినుంచి అగ్గికి దారి లేదు, గవాచి ఒక్కటి తప్ప. చల్లదనానికి, దొంగల భయానికి, రాయి దగ్గర్లో దొరుకుతాదని అట్ల కట్టినారు. అగ్గికోసమే కట్టినారని నేననను. కానీ కట్టిన దానికి ఆ గుణం కూడా ఉంది.

మరి కాలే వస్తువు ఊర్లో ఏముంది? మేత. జొన్న సొప్ప, బుడ్డకట్టె, కొర్రగడ్డి, వరి పండేచోట వరిగడ్డి. అందుకే దాన్ని ఇంటిదగ్గర పెట్టుకోలేదు. ఊరికి ఒక పక్కన వామిదొడ్లు. కంపచెట్ల వెలుగు, మధ్యలో బండి తిరిగేంత సందు, ఆపక్క ఇంకొకరి దొడ్డి. మా తాత పొగాకు చుట్ట తాగే మనిషి. ఎక్కడైనా తాగేవాడు గానీ వామిదొడ్డి వెలుగు దాటేముందు చుట్టను రాయికి నలిపి, చెవి సందున పెట్టుకొనేవాడు. అది ఆయనకు ఎవరూ చెప్పిన నియమం కాదు. గుడిముందు చెప్పులు విడిచినట్లు అలవాటు.

మేత అంటే వాళ్లకు అంత భయభక్తులు ఎందుకంటే, దాని వెనక ధాత కరువుంది. 1876లో వానలు పోయి 1878 దాకా సాగిన కరువు. అప్పుడు మనది కర్నూలు జిల్లా కాదు, బళ్లారి జిల్లా ఆదోని తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు కలిసినాయి. మద్రాసు రాజధానిలో ఆ కరువు చంపిన జిల్లాల్లో బళ్లారిది ముందు వరుస. మనుషుల లెక్క జనాభా పుస్తకాల్లో ఉంటాది. ఎద్దుల లెక్క ఎవరికి కావల్ల? కానీ కరువు పోయి వాన పడినాక మడక కట్టడానికి ఎద్దు లేకపోతే ఆ వాన ఏం చేసుకోవల్ల? ఒక వామి కాలిందంటే ఆ ఇంటికి వచ్చే ఏడు సేద్యం కాలినట్లే. అందుకే మన పక్క ఎంత పగ ఉన్నా వామికి అగ్గిపెట్టినోడిని ఊరు క్షమించేది కాదు.

ధాత కరువుకు కొంచెం ముందే మనకు రైలు వచ్చింది. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరులో కలిసినాయి. గుంతకల్లు, ఆదోని, కోసిగి మీదుగా పోయే ఈ దారే అది. కరువులో గింజలు మోసింది ఈ రైలే, అది వేరే కథ, ఇంకోసారి రాస్తా. మన విషయానికి కావల్సింది ఏమంటే, బొగ్గు ఇంజను. మా చిన్నప్పుడు కూడా బొగ్గు ఇంజన్లు చూసినాము. ఎక్కుడు వచ్చినచోట బుసకొడతా రవ్వలు ఎగజిమ్మేది. ఎండాకాలం పట్టాల పక్క గడ్డి నల్లగా కాలి ఉండేది. ఆ పక్కన చేను ఉన్నోడు కోత ముందు కట్టమీద గడ్డి తానే చెక్కుకొనేవాడు.

ఇది మనకొక్కరికే వచ్చిన బాధ కాదు. రైలు పుట్టిన ఇంగ్లండు దేశంలోనే రైతులు దీనికి ఏడ్చినారు. 1860లో అక్కడ ఒక కేసు నడిచింది. టాఫ్ వేల్ రైల్వే ఇంజను రవ్వలతో వాన్ అనే ఆయన అడవి కాలింది. కోర్టు ఏమనిందంటే, రైలు నడపడానికి చట్టమే అనుమతి ఇచ్చింది, కంపెనీ తన జాగ్రత్త తాను తీసుకుంది, కాబట్టి నష్టం కట్టాల్సిన పని లేదు అనింది. అంటే చేను నీది, అగ్గి వాళ్లది, నష్టం నీది. నలభై అయిదేండ్లు ఇట్లే నడిచి, 1905లో రైల్వే మంటల చట్టం చేసినారు. జాగ్రత్త తీసుకున్నా సరే, పంట కాలితే రైతుకు నష్టం కట్టల్ల అని. దానికీ వంద పౌండ్ల హద్దు పెట్టినారనుకోండి. అయినా ఒక చట్టం రైతు దిక్కు తిరగడానికి ఎన్నేండ్లు పట్టిందో చూడండి. ఇప్పుడు మన చేన్లమీద వేలాడే కరెంటు తీగలు చూసినప్పుడల్లా నాకు ఈ కేసు గుర్తొస్తాది.

అడవి సంగతికి వస్తే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఊరోళ్లు, గొర్లకాపర్లు ఎండాకాలం చివర గడ్డికి అగ్గి పెట్టేది మామూలు. పాతగడ్డి కాలితే తొలకరికి లేతగడ్డి లేస్తాదని. రిజర్వు ఫారెస్టు అని రాళ్లు పాతినాక అది నేరమైంది. తెల్లదొరలు అగ్గిని పూర్తిగా ఆపల్ల అని పట్టుబట్టినారు. 1860ల్లో సాత్పురా కొండల్లో బోరి అడవిలో మొదటిసారి అట్ల కాపలా పెట్టి, ఫైర్ లైన్లు తీసి చూసినారు. బాగుందని దేశమంతా పెట్టినారు. కొన్నేండ్లకు ఏమైందంటే, అగ్గి అస్సలు పడనిచోట ఆకు, గడ్డి, కంప మోకాళ్లెత్తు పేరుకోని, ఒక్కసారి అంటుకుంటే ఆర్పలేని మంటైంది. కొన్నిచోట్ల టేకు, సాలు మొలకలు కూడా సరిగా లేవలేదు. అప్పుడు ఆ అధికారులే తామే ముందుగా, గడ్డి పూర్తిగా ఎండకముందే, చిన్నచిన్న మంటలు పెట్టే పద్ధతికి వచ్చినారు. గొర్లకాపరిని జైలుకు పంపి, తర్వాత గొర్లకాపరి పనే చేసినారని నవ్వుకోవచ్చు. కానీ పూర్తిగా అట్ల కూడా కాదు. కాపరి పెట్టింది ఎండాకాలం చివర, ఎర్రటి ఎండలో. వీళ్లు పెట్టింది తేమ ఉన్నప్పుడు, చుట్టూ గీత తీసి, మనుషులను నిలబెట్టి. అగ్గి ఒకటే, కాలం వేరు. ఆస్ట్రేలియా ఆదివాసులు వేల ఏండ్లనుంచి చేసింది కూడా ఇదేనట, చల్లటి కాలంలో చిన్న మంట. మన నల్లమలలో ఇప్పటికీ ఎండాకాలం అగ్గి కాపలాకు చెంచులనే పెట్టుకుంటారు. ఆ అడవిలో గాలి ఎటు తిరుగుతాదో వాళ్లకంటే తెలిసినోళ్లు ఎవరు?

ఖాండవ దహనం కథ మనమంతా వింటిమి. కృష్ణార్జునులు అడవిని అగ్నికి ఇచ్చేసినారు, పక్కన ఇంద్రప్రస్థం వెలిగింది. చిన్నప్పుడు హరికథలో అది వింటాంటే మయుడు తప్పించుకున్నాడని సంబరపడేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కథలో మంట ఎప్పుడూ ఊరినుంచి అడవిలోకి పోతాది. అడవినుంచి ఊరిమీదికి వచ్చే మంట మనకు పురాణాల్లో తక్కువ. అది ఈ కాలపు కథ.

మన రాష్ట్రంలో అట్లాంటిది అందరూ చూసింది తిరుమలలో. 2014 మార్చి. అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు, రాష్ట్రపతి పాలనలో గవర్నరు నరసింహన్ గారి చేతిలో ఉండె. శేషాచలం అడవికి అగ్గి పడింది. కాకులకొండ, పాపవినాశనం దిక్కు. మొదట ఎప్పటిమాదిరే అనుకున్నారు, ఆ కొండల్లో ఎండాకాలం చిన్న మంటలు కొత్త కాదు. ఈసారి గాలి తోడైంది. లోయలోనుంచి పైకి లేచి తిరుమల దిక్కే వచ్చింది. ఊరిమీద పొగ కమ్మింది. పాపవినాశనం దారి మూసినారు. ఫారెస్టోళ్లు, దేవస్థానం వాళ్లు, ఫైరింజన్లు చాలక సైన్యం వచ్చింది. వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి, కొండమీది డ్యాములో నీళ్లు పెద్ద బకెట్లతో ముంచి మంటలమీద పోసినాయి. మనలో చాలామంది టీవీలో చూసింటారు.

తిరుమల అంటే గుడి ఒక్కటే అనుకుంటాం మనం. పోతాం, గుండు కొట్టించుకుంటాం, దర్శనం, లడ్డు, దిగొస్తాం. కానీ అది ఒక ఊరు. బాలాజీనగరు అని స్థానికులు కాపురముండే పేట ఉంది, బడులున్నాయి, అంగళ్లున్నాయి. దానికి తోడు రోజూ వేలకు వేల యాత్రికులు. చుట్టూ అడవి. దిగడానికి రెండు ఘాట్ రోడ్లు, 1944లో తెరిచిన మొదటిది, 1974లో వచ్చిన రెండోది, ఇంకా అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు. అన్నీ అడవిలోనుంచే. అంతమందిని ఒక్క పూటలో దించాల్సి వస్తే? దేవుని దయ, ఆ అవసరం రాలేదు. మంట ఊరి అంచుకు రాకముందే అదుపులోకి వచ్చింది.

ఆ హెలికాప్టరు బకెట్ గురించి ఒక మాట. దాన్ని బాంబీ బకెట్ అంటారు, కెనడాలో కనిపెట్టింది. మన దేశపు పెద్ద హెలికాప్టరు ఒకసారికి మోసేది మూడు వేల లీటర్లకు అటూఇటూ. అంటే మన ట్రాక్టరు నీళ్ల ట్యాంకరుకు పట్టేదానికంటే తక్కువే! అంత చప్పుడు చేసి, అంత ఖర్చు పెట్టి, ఒక ట్యాంకరుకు తక్కువ నీళ్లు. ఆ నీళ్లు మంటను ఆర్పవు, కొంచెం తగ్గిస్తాయి. ఆ సందులో కిందున్న మనుషులు పచ్చి మండలతో కొట్టి, గీత తీసి ఆర్పుతారు. తిరుమలలోనూ, 2019 ఫిబ్రవరిలో కర్ణాటక బందిపూరు అడవి లంటానా కంపతో భగ్గుమన్నప్పుడూ అంతే. టీవీలో కనపడేది హెలికాప్టరు. ఆర్పేది మండ పట్టుకున్న చెయ్యి.

ఇప్పుడు నా కథ.

కొన్నేండ్ల కింద, శివరాత్రికి ముందు. నా చేను కొండ కిందనే. పత్తి అయిపోయింది, కట్టె పెరికి గట్టున కుప్పలు వేసినా. ఎరువు చేసుకోమని సదస్సుల్లో చెప్తారు. కూలికి, మిషనుకు ఖర్చు ఎవరిస్తారు అని నేను కూడా అందరి మాదిరే అగ్గిపుల్ల గీసినా. సాయంత్రం నాలుగు. గాలి లేదు. మూడు కుప్పలు బాగా కాలినాయి, నాలుగోది కూడా బూడిదైపోతా ఉంది. ఇంక అయిపోయిందిలే అని బోరుకాడికి పోయి మొగం కడుక్కుంటాన్నా.

తల ఎత్తి చూసేసరికి గట్టున బోదగడ్డి అంటుకోని ఉంది. ఒక సుడిగాలి లేచింటాది, నేను చూడలే. మండ విరిచి కొట్టినా, ఇరవై అడుగులు ఆర్పినా. ఆపక్క ముప్పై అడుగులు అంటుకునింది. అట్ల కొట్టుకుంటా పోతాంటే మంట కొండ వాలు ఎక్కింది. ఎక్కినాక నా చేతిలో లేదు.

అప్పుడు నాకు తెలియదు, తర్వాత చదివినా. ఆస్ట్రేలియాలో మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త గడ్డిమంటల మీద, అడవిమంటల మీద ఏండ్లకొద్దీ లెక్కలు తీసినాడు. వాలు ప్రతి పది డిగ్రీలకు మంట వేగం దాదాపు రెండింతలైతాదని ఆయన లెక్క. పైకి పోయేటప్పుడు మంట తన ముందరి గడ్డిని తానే వేడి చేసి ఎండబెట్టుకుంటా పోతాది. మనిషేమో పైకి పోయేకొద్దీ నెమ్మదిస్తాడు. కాబట్టి కొండకు ఎక్కే మంట వెనక ఎప్పుడూ పరిగెత్తవద్దు, దాని పైన అసలే నిలబడవద్దు. నేను రెండూ చేసినా. గుండ్ల సందులో గడ్డి, కంప, ఎండాకులు కూరి ఉంటాయి. అవి పొయ్యి గొట్టాల మాదిరి లాగినాయి. చీకటి పడేసరికి మంట కొండ భుజం చుట్టుకోని ఆపక్క దిగుతా ఉంది. ఆపక్క కాలనీ. కాలనీ ఎనక వామిదొడ్లు.

ఊర్లో ఎవరున్నారప్పా అప్పుడు? మీకు నేను చెప్పాల్సిన పని లేదు. సుగ్గికి పోయినారు. గుంటూరు దిక్కు మిరపకోతలకు ఇంటికి తాళం వేసి మొగుడూపెండ్లాం పిల్లలు పోయినారు. వీధిలో సగం తలుపులకు తాళాలే. ఉన్నోళ్లు అవ్వలు, తాతలు, బడికి పోయే పిల్లోళ్లు, కొందరు సేద్యగాళ్లు. నేను అరుచుకుంటా దిగొస్తాంటే మొదట ఎదురైంది ఒక అవ్వ. డెబ్బై దాటింటాది. ఆమె నన్నేమీ అడగలే. ముందు పోయి పశువుల పగ్గాలు విప్పింది. మనదీ కాదు, వాళ్లదీ కాదు అని చూడలే, వరసగా విప్పుకుంటా పోయింది. ఆ తర్వాత గుడి మైకులో ఎవరో చెప్పినారు.

ఫైరింజనుకు ఫోను చేసినాము. వాళ్లు దూరంనుంచి రావల్ల, మా దొడ్ల సందు బండికి మాత్రమే చాలు. వాళ్ల తప్పు కాదు. వాళ్లు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

జరిగింది ఏమంటే, దిగే మంట ఎక్కే మంట అంత వేగం ఉండదు. అది మాకు అరగంట ఇచ్చింది. ఆ అరగంటలో ఒకాయన ట్రాక్టరు తెచ్చి, కొండకూ దొడ్లకూ మధ్యన ఉన్న బీడును చీకట్లో లైట్లు వేసుకోని దున్నినాడు. నాలుగు సార్లు అటూఇటూ తిరిగినాడు. దుమ్ములో, పొగలో ఆయనకు ముందర ఏం కనపడిందో ఆయనకే తెలియల్ల. మంట ఆ దుక్కి దాకా వచ్చి పండుకునింది. ఒక్కచోట తప్ప. రవ్వ ఒకటి ఎగిరి దుక్కిని దాటి ఒక బుడ్డకట్టె వామిమీద పడింది. బుడ్డకట్టె ఎట్ల కాలతాదో తెలుసు గదా మీకు. పిల్లోళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి చుట్టుపక్కల వాములు తడిపినారు. ఆ ఒక్కటి పోయింది. మూడు దినాలు లోపల రగులుతానే ఉండింది. రెండో దినం ఆరిందనుకోని కట్టెతో కెలికితే మళ్లీ లేచింది.

ఆ వామి సుగ్గికి పోయిన ఒకాయనది. వరసకు అల్లుడు అయితాడు నాకు. ఫోను చేసి చెప్పడానికి నాకు ఒక దినం పట్టింది. ఆయన అంతా విని, "ఎద్దులు బాగుండాయా మామా?" అన్నాడు. బాగుండాయప్పా అన్నా. "సరే, పండక్కు వస్తాం గదా" అని పెట్టేసినాడు. ఉగాదికి వచ్చినాక నా సొప్ప రెండు ట్రాక్టర్లు తోలినా, తీసుకున్నాడు. ఎక్కువా అనలే, తక్కువా అనలే. ఇప్పటికీ మేము బాగానే మాట్లాడుకుంటాం. కానీ నేను గట్టున కుప్ప వేస్తే ఆయన దూరంనుంచి చూస్తాడు. అది నాకు తెలుసు.

అప్పటినుంచి ఎక్కడ ఇట్లాంటిది జరిగినా చదువుతా. 2009 ఫిబ్రవరి 7, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం. మెల్బోర్నులో ఆ దినం ఎండ 46.4 డిగ్రీలు. మన తెలుగుపిల్లలు చాలామంది చదువుకొనే ఊరే అది. చుట్టుపక్కల అడవులు అంటుకోని 173 మంది పోయినారు. కింగ్‌లేక్ అనే ఊరిని కాల్చిన మంట ఒక పాత కరెంటు తీగ తెగి పడినందుకు లేచింది. అప్పటిదాకా అక్కడ ప్రభుత్వం చెప్పింది ఏమంటే, ఉంటే తయారై ఉండి ఇల్లు కాపాడుకోండి, లేదంటే ముందే పోండి అని. చాలామంది మధ్యలో నిలబడినారు. ఉండటానికి తయారు లేరు, పోవడానికి ఆలస్యమైంది. ఆ తర్వాత వాళ్లు మాట మార్చుకున్నారు, మరీ ఘోరమైన దినాల్లో ముందే పోవడమే దారి అని.

2018 నవంబరు 8, అమెరికా కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే కొండ ఊరు. పొద్దున్నే దాదాపు నూరేండ్ల నాటి కరెంటు టవరు కొక్కెం అరిగి తెగింది. కొన్ని గంటల్లోనే ఊరు దాదాపు మొత్తం బూడిద. 85 మంది. దిగే దార్లు తక్కువ, కార్లు దార్లోనే నిలిచిపోయినాయి. అది చదివినప్పుడు నాకు తిరుమల ఘాట్ రోడ్డే కండ్లముందర కనపడింది.

అన్నిటికంటే మనకు దగ్గరిది హవాయి దీవుల్లో లహైనా. 2023 ఆగస్టు 8. నూరు మందికి పైగా పోయినారు. అక్కడ అడవి లేదు, వినండి. ఊరిపైన ఉండింది చెరకు భూములు. నూరేండ్లకు పైగా చెరకు పండించిన కంపెనీలు లాభం లేదని సాగు ఆపేసి పోయినాయి. లహైనా చెరకు మిల్లు 1999లో మూసినారు. బీడుపడిన ఆ భూముల్లో గడ్డి లేచింది. ఏ గడ్డి అనుకుంటారు? గినీ గడ్డి, అంజన్ గడ్డి. మన పశువైద్యశాలల్లో మేతకు వేసుకోమని చెప్పే గడ్లే! మేసే పశువు ఉంటే అది మేత. మేసేది లేక, కోసేది లేక నిలువునా ఎండితే అది పెట్రోలు. ఆ దినం పొద్దున ఒక మంట లేచింది, ఆర్పినారు, ఆరింది అనుకోని పోయినారు. మధ్యాహ్నం పెద్దగాలికి అదే మళ్లీ లేచి ఊరిని తీసుకపోయింది. నా బుడ్డకట్టె వామి రెండో దినం లేచినట్లే.

అందుకే ఆ పిల్లోనికి నేను చెప్పింది ఇది. గుండ్లు కాలవు నాయనా, నిజమే. కానీ కొండకింద చేన్లు చూడు. పదేండ్ల కింద ఎన్ని సేద్యంలో ఉండె, ఇప్పుడెన్ని బీడు? బోరు ఎండిపోయి కొన్ని, కూలి గిట్టక కొన్ని, సుగ్గికి పోయి కొన్ని. గొర్ల మందలు తగ్గినాయి. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చినాయి. మేసేది తగ్గి గడ్డి పెరిగింది. వామిదొడ్లు ప్లాట్లైనాయి. దొడ్డి లేనోడు వామిని ఇంటిపక్కన, కరెంటు తీగల కిందే వేసుకుంటాండాడు. మట్టిమిద్దె పోయి రేకుల కొట్టం వచ్చింది, కొట్టం మీద ప్లాస్టిక్ పట్ట. పత్తి రేటు వస్తాదేమో అని ఇంట్లో మూటలు. మన తాతలు అగ్గికి ఎక్కడెక్కడ దారి మూసినారో, మనం అక్కడక్కడ తెరిచినాము, తెలియకనే. ఇంక సుగ్గి కాలమూ అగ్గి కాలమూ ఒకటే. మాఘం, ఫాల్గుణం. ఊర్లో మనుషులు తక్కువ ఉండేది ఎప్పుడో, గడ్డి బాగా ఎండేది అప్పుడే.

ఇప్పుడు ఆకాశంనుంచి ఉపగ్రహాలు కూడా చూస్తాండాయి. దేశంలో అటవీ సర్వే సంస్థ 2004నుంచి మంటల సమాచారం ఫారెస్టోళ్లకు పంపుతా ఉంది, ఫోన్లకు మెసేజీలు వస్తాయి. మంచిదే. కానీ నా నాలుగు కుప్పలు ఉపగ్రహానికి కనపడేలోపు గట్టు దాటినాయి.

మొన్నటి మంట ఎవరు పెట్టినారో నాకు తెలియదు, అడగను కూడా. ఈసారి గాలి లేదు, రాతిపరుపు అడ్డమొచ్చి తానే ఆరిపోయింది. మా వీధిలో ఏడెనిమిది మందిమి అనుకున్నాం. ఈ ఆదివారం పొద్దున ఆరింటికి కాలనీ ఎనక బీడులో, కొండకూ వాములకూ మధ్యన, పాతిక అడుగుల వెడల్పు గడ్డి చెక్కి, గుంటక తోలల్ల అని. ట్రాక్టరు ఆ పాత ఆయనదే, డీజిల్ నాది. సలికెపార, కొడవలి ఉన్నోళ్లు తెచ్చుకోండి. కరెంటు తీగల కింద వామి ఉన్నోళ్లు నాకు చెప్పండి, అదే దినం నలుగురం పట్టి పక్కకు వేద్దాం. సుగ్గిలో ఉన్నోళ్లు ఈ పోస్టు చూస్తే, మీ దొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఒక్క మెసేజి పెట్టండి చాలు.